ఫ్లాష్ వద్దన్న పిల్ల

“వ్యానులోంచి ఆ ఫ్లాష్ పెట్టె దించెయ్ మామయ్యా. నాకు అక్కర్లేదు,” అంది మేనకోడలు.

సామాను సర్దుతున్న మామయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. నీళ్ల అడుగున ఫొటోలు తీయడంలో ముప్పై ఏళ్లుగా పండిపోయిన మనిషాయన. స్టూడియోలో పనివాళ్లు వెనకాల సొరచేప అని పిలుచుకుంటారు, ఎదురుగా మాత్రం అయ్యగారే. ఈ పిల్లకి పన్నెండో ఏట మాస్కు తగిలించి, చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపింది ఆయనే. ఇవాళ అదే పిల్ల ఆయనకి పాఠం చెబుతోంది. గుడ్డు వచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే మరి!

“ఫ్లాష్ లేకుండా ఈత పోటీ ఫొటోలు తీస్తావా? నలుగురూ నవ్వుతారే!”

“నవ్వనీ. ఎనిమిది వీడియో లైట్లు అడుగున దింపుతా. పోటీ అయ్యేదాకా ఆర్పకుండా వెలుగుతూనే ఉంటాయి.”

“వెలుగుతాయి, మిణుగురు పురుగుల్లా! అవతల ఆడపిల్లలు దూసుకొస్తుంటే ఆ వెలుతురుకి చేతులూ కాళ్లూ అలికేసినట్టు పడతాయి. పోనీ అని కెమెరా వేగం పెంచావా, బొమ్మ నిండా ఇసక చల్లినట్టు చుక్కలు. అదే ఫ్లాష్ అయితే సెకనులో వెయ్యో వంతు. నీటి బుడగ కూడా కదలకుండా నిలబడుతుంది.”

“అవన్నీ తెలుసు. నువ్వు నేర్పినవేగా.”

“మరింకేం?”

“వీళ్ల దగ్గర ఫ్లాష్ పనికిరాదు మామయ్యా. ఎందుకంటే...”

“ఎందుకంటే నీకు తిక్క! చేపలకి పనికొచ్చింది మనుషులకి పనికిరాదా?”

“చెప్పేది పూర్తిగా వినవూ?”

“వినేదేముంది? నీళ్లు నీళ్లే, వెలుతురు వెలుతురే.”

“పోనీ ఒక్కరోజు వచ్చి వాళ్ల ప్రాక్టీసు చూడు. మూడు నెలలుగా పిలుస్తున్నా నిన్ను.”

“ఈత చూడ్డానికి నేను రావాలా? చేపల మధ్య బతికినవాణ్ణి!”

మేనకోడలి ముఖం ఎర్రబడింది. ఫ్లాష్ పెట్టెని తనే వ్యానులోంచి లాగి నేల మీద పెట్టేసింది.

“సరే, ఇక చెప్పను. ఇది నా పేరు మీద వచ్చిన మొదటి పని. నా లైట్లతోనే తీస్తా. ఫొటోలు చెడ్డాయా, జన్మలో మళ్లీ నీళ్లలోకి కెమెరా దింపను. నీ కౌంటర్లో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించుకుంటా. చాలా?”

“మొండిఘటం! అచ్చం మీ అమ్మే.”

“అమ్మ మాత్రం నీ పోలికే అంటుంది,” అని వ్యాను తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోయింది.

మామయ్యకి రెండు రోజులు ముద్ద మింగుడు పడలేదు. కోపం కన్నా భయం ఎక్కువైంది. అన్నంత పనీ చేసే రకం అది. ఫొటోలు చెడితే నిజంగానే కెమెరా పక్కన పడేస్తుంది. అంత చెయ్యి, అంత కన్ను ఉన్న పిల్ల పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తూ కూర్చుంటే చూడగలడా తను? ఉండబట్టలేక చెల్లెలికి ఫోన్ చేశాడు.

“దాని మానాన దాన్ని వదిలెయ్ అన్నయ్యా,” అందావిడ.

“వదిలేస్తే మునిగిపోతుందే!”

“మునిగితే ఏం? ఈత నేర్పింది నువ్వేగా.”

అన్నీ పెడసరం మాటలే ఈ వంశంలో! ఫైనల్ రోజు పొద్దున్నే ఒక ఫ్లాష్ సంచిలో వేసుకుని ఈతకొలను దగ్గరికి బయల్దేరాడు. ఒక్కసారి వెలిగించి చూపిస్తే తేడా దానికే తెలిసొస్తుంది, అప్పుడిక మారుమాట్లాడదు అనుకున్నాడు.

ఆయన వెళ్లేసరికి హాలు నిండా జనం. అయినా చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. పోటీకి దిగే అమ్మాయిలు వరసగా వస్తుంటే అందరూ రెండు చేతులూ పైకెత్తి ఊపారు తప్ప ఒక్క కేక లేదు. ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకున్నాడు. కొలను అడుగున ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి. బాగానే ఉంది, కానీ చాలదు, ముమ్మాటికీ చాలదు.

మేనకోడలు ఒక మూల నడుం లోతు నీళ్లలో కెమెరాతో నిలబడి ఉంది. మామయ్య ఆమె వెనకాలే గట్టు మీద గొంతుక్కూర్చుని, ఫ్లాష్ బయటికి తీసి మీట మీద బొటనవేలు పెట్టాడు. ఎనిమిది మంది అమ్మాయిలూ దిమ్మెలెక్కి దూకడానికి వంగారు.

అప్పుడే మేనకోడలు వెనక్కి తిరిగింది. చూసింది. ఒక్క ఉదుటున వచ్చి ఆయన చేతిలోంచి ఫ్లాష్ లాక్కుని నీళ్లలో పారేసింది.

“పిచ్చి పట్టిందా నీకు!” హాలు మారుమోగిపోయేలా అరిచాడు మామయ్య. “నీ మంచికే కదే తెచ్చాను!”

“నా మంచి నేను చూసుకుంటా!” ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. “మళ్లీ దాని జోలికెళ్లావో, నిన్ను కూడా నీళ్లలోకి లాగేస్తా!”

పరువు పోయిందనుకుంటూ మామయ్య దిమ్మెల వైపు చూశాడు. ఇంత రాద్ధాంతం జరిగినా ఎనిమిది మందిలో ఒక్కతె కూడా తల తిప్పలేదు. వాళ్ల చూపులన్నీ ఎదురుగా ఉన్న, ఇంకా వెలగని ఒక చిన్న దీపం మీదే ఉన్నాయి.

పుట్టుకతో చెవులు వినపడని ఆ పిల్లలకి, దూకమని చెప్పేది ఫ్లాషే.