పోయినవాడి దస్తూరీ

"ఈయన నీ భర్తేనా, కాదా? ఒక్క మాట చెప్పమ్మా. వరండాలో ఇంకా పద్నాలుగు కుటుంబాలు కూర్చున్నాయి" అన్నాడు డిప్యూటీ కలెక్టరు నరసింహారావు.

ధనమ్మ తలెత్తి చూసింది. బల్లకి అవతల మోషే నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఆమె ఏడుస్తుందనో, కనీసం ఉలిక్కిపడుతుందనో అతను ఎదురుచూస్తున్నాడు. ఆమె ఆ రెండూ చెయ్యలేదు.

"కాదండీ. మా ఆయన పోయాడు" అంది.

"ధనం! నేనే, మోషేని!"

"పేరు అదేనండీ. మనిషి పోయాడు."

నరసింహారావు విసుగ్గా దరఖాస్తు తిరగేశాడు. బర్మా నుంచి ఓడలో తిరిగొచ్చిన వాళ్ళని విశాఖ క్యాంపు నుంచి సొంత జిల్లాలకి పంపుతున్నారు. బంధువులెవరైనా మావాడేనని సంతకం పెట్టి తీసుకెళ్తే సరే, లేకపోతే మళ్ళీ క్యాంపుకే. మోషే దరఖాస్తులో ఇలా ఉంది: మోషే, గుడ్లవల్లేరు. భార్య ధనమ్మ. వెంట ఖిన్ అనే బర్మా వంటమనిషి, తెలుగు రాదు. ఆమె కూతురు, పదకొండేళ్ళు.

పువ్వుల లుంగీ కట్టుకున్న ఆ వంటమనిషి గోడ పక్కన నేల చూపులు చూస్తూ నిలబడింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

ధనమ్మ కొంగుముడి విప్పి, మడతలు చిరిగిన ఉత్తరమొకటి బల్ల మీద పెట్టింది. "చదవండి బాబూ. యాభై మూడులో వచ్చింది."

'అమ్మా ధనమ్మా, మీ ఆయన మోషే కలరా తగిలి మూడు రోజుల్లో ప్రభువునందు నిద్రించాడు. ఇక్కడే సమాధి చేశాము. నువ్వు ధైర్యంగా ఉండు. ఇట్లు, మోషే స్నేహితుడు.'

"ఎవడో గిట్టనివాడు రాశాడండీ" అన్నాడు మోషే గబగబా.

"దస్తూరీ చూడండి బాబూ" అంది ధనమ్మ.

నరసింహారావు ఉత్తరాన్నీ దరఖాస్తునీ పక్కపక్కన పెట్టాడు. రెండింట్లోనూ తోక పొడుగ్గా లాగిన 'మ' ఒకటే. పక్కకి ఒరిగిన 'ధ' ఒకటే. చదవడం ఆపి అద్దాలు తీశాడు.

"దరఖాస్తు నువ్వే రాశావా?"

"నేనేనండీ."

"మరి ఇది?"

 సంగతి బయటపడిపోయిందని మోషేకి అర్థమైంది. బల్ల చుట్టూ తిరిగొచ్చి ధనమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"రాశాను. తప్పే. నీ కోసమే రాశాను ధనం, ఇంకో పెళ్ళి చేసుకుని సుఖపడతావని. ఇప్పుడు వచ్చేశానుగా. ఈ ముసలితనంలో ఎక్కడికి పోను?"

ధనమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"చూడమ్మా" అన్నాడు నరసింహారావు, గొంతు తగ్గించి. "మనిషి తనే ఒప్పుకుంటున్నాడు. నీ భర్తేనని తేలిపోయింది. సంతకం పెడతావా?"

"పోయాడని తన చేత్తో ఆయనే రాశాడు కదండీ. గుళ్ళో ప్రార్థన పెట్టించాను. తెల్లచీర కట్టాను. ఆయన మాట పన్నెండేళ్ళు నమ్మాను. ఇప్పుడెందుకు మానుకోవాలండీ?"

ఈ మాటని ఆమె ఎన్నో రోజులుగా నోట్లో నానబెట్టుకుంటోంది. అన్నాక గుండె తేలికపడింది. జాలి వస్తుందేమోనని కాసేపు ఆగి చూసుకుంది. రాలేదు.

నరసింహారావు నిట్టూర్చి, దరఖాస్తు మీద 'తీసుకెళ్ళే బంధువులు లేరు' అని రాశాడు. "రేపటి బండికి నువ్వు మళ్ళీ విశాఖ వెళ్ళాలి మోషే."

"ఆవిణ్ణీ పిల్లనీ మాత్రం నేను తీసుకెళ్తానండీ" అంది ధనమ్మ.

గదిలో అందరూ ఆమె వైపు చూశారు.

"వాళ్ళు నీకేమవుతారమ్మా?"

"ఆ పిల్ల ముక్కు చూడండి, ఆ కనుబొమలు చూడండి. మా ఆయన ఆస్తీపాస్తీ ఏమీ మిగల్చలేదండీ. మిగిలింది ఈ పిల్లే. నాకు రెండు గదుల ఇల్లుంది, హాస్టల్లో వంట పనుంది. ముగ్గురం బతకొచ్చు."

మోషే లేచి నిలబడ్డాడు. "అదెట్లా? అది నా పిల్ల! ఖిన్ నా పెళ్ళాం! వాళ్ళని నా దగ్గర్నుంచి లాక్కుంటే ఎట్లా అండీ?"

నరసింహారావు దరఖాస్తు ఎత్తి అతని ముఖం ముందు పట్టుకున్నాడు. "వంటమనిషి, ఆమె కూతురు. నీ చేత్తో నువ్వే రాశావయ్యా. నీకు వీళ్ళ మీద హక్కేముంది?"

 బంట్రోతు వచ్చి మోషే భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి నడిపించాడు. గుమ్మం దాటేదాకా అతను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. పిల్ల మాత్రం తన తల్లి చాటుకి జరిగి ముఖం దాచుకుంది.

కొత్త కాగితం మీద ధనమ్మ వేలిముద్ర వేసింది. నరసింహారావు కలం మూస్తూ ఒక్క క్షణం తటపటాయించాడు.

"ఇదంతా బాగానే ఉంది గానీ ధనమ్మా, ఈమె దేశం కాని దేశం వచ్చింది. తెలుగు ముక్క రాదంటున్నారు. నువ్వేం చెప్తావు, ఆమెకేం అర్థమవుతుంది?"

 గోడ పక్కనుంచి ఖిన్ నాలుగడుగులు ముందుకొచ్చి, పిల్ల చెయ్యి ధనమ్మ చేతిలో పెట్టి, అధికారి వైపు తిరిగింది.

"తెలుగు వచ్చండీ" అంది. "ఆయన బతికే ఉన్నాడని, ఆ చావు కబురు ఆయన చేతిరాతేనని క్యాంపు నుంచి అక్కకి ఉత్తరం రాయించింది నేనే."