అడ్డుగోడ

కత్తెరాయన తొక్కడం ఆపాడు. సైకిల్ మాత్రం ఆగలేదు.

పందేల ట్రాక్ మీద తొక్కే సైకిల్‌కి బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, వాటితోపాటు కాళ్ళూ తిరగాల్సిందే. ఆ సంగతి తెలిసి కూడా, వీధి సైకిల్ అలవాటుకొద్దీ ఆయన కాళ్ళు బిగబట్టాడు.

సైకిల్ ఆయన్ని ఎంత ఎత్తుకు ఎగరేసిందంటే, కింద పడేలోగా తన అరవై ఒక్క ఏళ్ళ జీవితాన్ని ఒకసారి తిరగేసుకుని, మిగిలిన సమయంలో భార్యకు చెప్పాల్సిన అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు.

వెనకాల వస్తున్న ఒక బక్కపలచటి పెద్దమనిషి దిగివచ్చాడు. హెల్మెట్, నల్ల కళ్ళద్దాలు. ముందుగా సైకిల్ లేపి చక్రం తిప్పి చూశాడు.

“దీనికేం కాలేదు లెండి.”

“మరి నాకు?”

“మీరు మాట్లాడుతున్నారుగా.”

ఆ క్షణం నుంచే ఆ మనిషి కత్తెరాయనకు గిట్టలేదు.

సెలూన్‌లో నలభై ఏళ్ళు నిలబడి పనిచేసిన కాళ్ళు ఆయనవి. ఇప్పుడు వాటికి పరుగు మీదికి మనసు పోయింది. అరవై దాటినవాళ్ళ సైకిల్ పందెంలో దిగుతున్నానని సెలూన్ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. మెడ దగ్గర కత్తి ఉంది గనక ఎవరూ కాదనలేదు.

భార్య ఒక్కతే అంది: “ఈ వయసులో ఎవర్ని తరుముదామని?”

ట్రాక్ దగ్గర కోచ్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. ఆవిడ ఇంకా ఖరాఖండీ మనిషి.

“ఎనిమిది రౌండ్లు మూడు నిమిషాల ఇరవై సెకన్లలో తొక్కాలి. నెలాఖరుకి పరీక్ష. అది దాటితే పందెం. లేకపోతే గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టడమే బాబాయ్.”

అప్పటికి కత్తెరాయన టైము నాలుగు నిమిషాలు.

మర్నాటి నుంచి ఆ బక్కమనిషి సరిగ్గా ఈయన ముందే తొక్కడం మొదలుపెట్టాడు. ఈయన వేగం పెంచితే ఆయనా పెంచుతాడు. తగ్గిస్తే తగ్గిస్తాడు. ఏటవాలుగా ఉండే ట్రాక్ పైఅంచుకి ఎక్కితే తానూ ఎక్కుతాడు. ఎప్పుడు చూసినా ముందు చక్రానికి మూరెడు దూరంలో ఆ వీపే.

కత్తెరాయన ఆయనకు అడ్డుగోడ అని పేరు పెట్టాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. “ఏమండీ, ఈ ట్రాక్ మీ మామగారు గానీ రాసిచ్చారా?”

“లేదండీ. ఆయన పిల్లనే ఏడ్చుకుంటూ ఇచ్చాడు.”

“అయితే కాస్త పక్కకి తప్పుకోవచ్చుగా.”

“మీరు నా వెనకే రండి. ఇంకొంచెం దగ్గరగా రండి.”

ఎంత పొగరు, అనుకున్నాడు కత్తెరాయన.

మూడు వారాలు తిరిగేసరికి ఆయన టైము మూడు నిమిషాల పదహారు సెకన్లకు దిగింది. ఆయన కోచ్ ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

“చూశావామ్మా, ఆ గోడ అడ్డం ఉండగానే ఇంత. దాన్ని తీయించావంటే విమానం లేస్తుంది.”

కోచ్ ఏదో చెప్పబోయింది. అక్కడే నిలబడి వింటున్న అడ్డుగోడ వద్దన్నట్టు తలాడించాడు.

“నిజమే, ఇంక నేను అడ్డమే,” అని సైకిల్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ట్రాక్ మొత్తం కత్తెరాయనదే. మొదటి మలుపు తిరిగాడో లేదో, గాలి రెండు చేతులూ రొమ్ము మీద పెట్టి వెనక్కి తోసింది. అప్పుల వాడికి కూడా అంత పట్టుదల ఉండదు.

మూడు నిమిషాల నలభై సెకన్లు.

“ఇవాళ గాలి ఎక్కువగా ఉందమ్మా.”

“రోజూ ఇంతే ఉంది బాబాయ్. ఇన్నాళ్ళూ దాన్ని ముందున్నాయన మోశారు. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాడికి కష్టం తగ్గుతుంది. ఆయన దారి చేస్తుంటే మీరు షికారు చేశారు.”

కత్తెరాయన అక్కడికక్కడే తప్పు ఒప్పేసుకున్నాడు. పెళ్ళయ్యాక అలా జరగడం అదే మొదలు.

“ఆయన్ని రమ్మనమ్మా. కాళ్ళు పట్టుకుంటాను.”

“రారు. ఈ వారం మీరు ఒంటరిగానే తొక్కాలన్నారు.”

వారం రోజులూ గాలితో కుస్తీయే. ఆ వీపు ఎలా వంగేదో, ఆ మోచేతులు డొక్కల్లోకి ఎలా ముడుచుకునేవో గుర్తు తెచ్చుకుని, తానూ అలాగే ముడుచుకున్నాడు. తిట్టుకుంటూ చూసిందంతా ఇప్పుడు పాఠమై కూర్చుంది.

పరీక్షలో మూడు నిమిషాల పంతొమ్మిది సెకన్లు. ఒక్క సెకను మిగిలింది. దాన్ని సెలూన్‌లో రెండు రోజులపాటు వర్ణించాడు.

పందెం రోజున ఈయనకు ఎదురు ఒక్కడే మనిషి. ట్రాక్‌కి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు నిలబడి బయల్దేరాలి, ఒకరినొకరు తరుముకోవాలి. అవతలి మనిషి ముఖం కనిపించలేదు. కానీ ఆయన హ్యాండిల్ మీదికి వంగగానే మెడ కనిపించింది. ఎంత దూరంనుంచైనా మెడ చూసి మనిషిని చెప్పగల పనివాడు కత్తెరాయన. పైగా ఇది మూడు వారాలు కళ్ళముందే ఉన్న మెడ.

ఈల మోగింది. క్షమాపణ చెప్పుకునే వ్యవధి లేదు. తొక్కడమొక్కటే ఉంది.

ఏడో రౌండు దాకా ఎవరు ముందో గ్యాలరీకి తేలలేదు. చివరికి అడ్డుగోడ అర సెకను తేడాతో గెలిచాడు.

గెలిచిన మనిషి సైకిల్ పారేసి పరుగెత్తుకొచ్చి ఓడిన మనిషిని వాటేసుకున్నాడు. రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. “చివరి రౌండులో నా పని అయిపోయిందనుకున్నానండీ,” అని కనిపించిన ప్రతివాళ్ళకీ కత్తెరాయన్ని చూపించి మరీ చెప్తున్నాడు.

కత్తెరాయన కోచ్‌ని పక్కకి పిలిచాడు.

“ఏంటమ్మా ఇంత సంబరం. ఆయన గెలవడం ఇదే మొదటిసారా?”

“మొదటిసారే బాబాయ్,” అంది కోచ్. “నాలుగేళ్ళుగా కప్పు ఆయనదే గానీ, అరవై దాటినవాళ్ళలో పోటీకి ఇంకో మనిషి దొరక్క, ఇన్నాళ్ళూ ఒక్కరే తొక్కి ఒక్కరే పట్టుకెళ్ళేవారు.”