ఇనుప బండికి కొత్త రంగు

"థూ!" యాకోబు బండిలోంచి తల బయటపెట్టి ఉమ్మాడు. లోపల ఎండిన నెత్తురు, చీకిపోయిన సీటు, చచ్చిన ఎలుక. వాటి మీద ఎవరో చల్లిన అత్తరు.

మెదక్‌లో మోటార్లు బాగుచేసేది యాకోబు ఒక్కడే. అందుకే మొదటి జర్మనీ యుద్ధం నాటి ఈ ఫౌజు బండికి ఎద్దులు కట్టి అతని షెడ్డుకే లాక్కొచ్చారు. చుట్టూ ఇనుప రేకులు, పైన తుపాకి పెట్టే గూడు.

"ఏమంటదిరా?" అన్నాడు మదన్ మోహన్ దొర. నిజాం రాజ్యం పోయినప్పట్నుంచీ, ఎప్పుడూ ఉండే ఎర్ర రూమీ టోపీ లేక బట్టతల ఎండకు మెరుస్తోంది. చంకలో కాగితం పొట్లం. వెనక తుపాకులతో ఇద్దరు.

యాకోబు సుత్తితో రేకును కొట్టి చెవి పెట్టాడు. మంచి ఇనుమైతే గంటలా మోగాలి. ఇది పగిలిన కుండలా పలికింది.

"దీని పానం పోయింది దొరా. తుక్కు కింద అమ్ముకోండ్రి."

"పాతదైతే పారేస్తర్రా? లారీ ఇంజను ఎక్కియ్యి. తుప్పు రేకులు పీకి మిల్లు బాయిలర్ రేకులు బిగియ్యి. ఇంకో ఇరవై ఏండ్లు నడుస్తది. గీ పసుపు రంగు దూరంకెల్లే కండ్లల్ల పడ్తున్నది, మట్టి రంగు వెయ్యి. సోమారం నాడు ఊరికి పోవాలె. జొన్న కంకి మీదున్నది."

కౌడిపల్లి దిక్కున్న దొర ఊళ్లో జనం ఆయన భూమిని పంచుకుని దున్నుకున్నారు. యాకోబు చెల్లెలు ఎలిశిబాకూ నాలుగెకరాలు వచ్చాయి. ఎండాకాలంలో దొర రజాకార్లను ఎక్కించుకుని ఇదే బండితో ఊరి మీద పడ్డప్పుడు, ఆమె మొగుడు ఏలీయా దీని కిందే నలిగి చచ్చాడు. అంతకు వారం ముందే దీనికి బ్రేకులు బాగుచేసింది యాకోబు. అది గుర్తొస్తే ఇప్పటికీ అతనికి ముద్ద దిగదు.

"నాతోని కాదు దొరా."

"షెడ్డుకు అగ్గి పెడ్తరు వీళ్లు." దొర నవ్వాడు. "సర్కారు మాది. ఎవనికి చెప్పుకుంటవ్?"

యాకోబు చేతులు జోడించాడు. "అయితే మా చెల్లె నాలుగెకరాలన్న ఇడిసిపెట్టుండ్రి. నీ బాంచెన్."

"చూద్దాం తియ్యి."

ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు రోజులు ఒళ్లు హూనం చేసుకున్నాడు. ఆదివారం పనిముట్టు తాకని మనిషి, చర్చి గంట మోగుతుంటే రంగు డబ్బా మూత తీశాడు. ఆరాధన నుంచి ఎలిశిబా నేరుగా షెడ్డుకే వచ్చింది.

"అన్నా, అప్పుడు చేసినవ్. మల్ల చేస్తున్నవా? సిగ్గు లేదా నీకు?"

"నీ భూమి కోసమే చెల్లే. దొర చూస్తనన్నడు."

"దొర మాట నమ్మి బాగుపడ్డోడు ఎవడన్న ఉన్నడా? నా పెనిమిటి నెత్తురు మీద రంగేస్తున్నవ్. థూ, నీ బతుకు పాడుగాను!"

ఉమ్మి అతని పాదం మీద పడింది. యాకోబు తుడుచుకోలేదు. చెల్లెలి ముందు తలెత్తడానికి మొహమేది?

సోమవారం పొద్దున్నే దొర వచ్చి బండి చుట్టూ తిరిగాడు. సుత్తి అందుకుని తనే రేకును కొట్టాడు. ఖంగుమంది.

"శెభాష్! పెండ్లికొడుకు లెక్కున్నది. గిది గా పాత బండే అంటే ఎవడన్న నమ్ముతడా?"

"దొరా, మా చెల్లె నాలుగెకరాలు..."

"మొదలు గా నాలుగెకరాల జొన్ననే కోయిస్త."

దొర బండెక్కి, ఇంజను స్టార్టు చేయబోతున్న తుపాకి మనిషిని ఆపాడు.

"జర ఆగు. ఉత్త నెత్తితోని ఊర్లెకు పోతే మర్యాదుంటదా?" అని చంకలోని పొట్లం విప్పాడు.

తెల్లటి కొత్త ఖద్దరు టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు.