పలకంత సంచి

"రాస్తావా, వదిలేస్తావా? కరెంటు వచ్చిందంటే దొరికిన మందు పోయినట్టే" అన్నాడు బ్రహ్మం.

ఆశీర్వాదం బలపం పట్టుకుని తన పలక వైపే చూస్తూ కూర్చున్నాడు. దాని మీద రాయడానికి చోటు లేదు.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కరెంటు పోయినప్పుడల్లా సాగే ఆట అది. చట్రాలు బిగించే బ్రహ్మం, హైదరాబాదులో చదివే మేనకోడలి దగ్గర నేర్చుకొచ్చాడు. గుహలూ రాక్షసులూ మాయలూ అన్నీ అతని నోట్లోంచే వస్తాయి. మిగతావాళ్ళు వీరులు. గవ్వలు వేసి అడుగు ముందుకు వేస్తారు. ఒక్కొక్కరికీ అంచు విరిగిన పలక ఒకటి. ఆ పలకే వీరుడి సంచి. దొరికిన సామాను రాసుకుంటే సంచిలో ఉన్నట్టు, చెరిపేస్తే పారేసినట్టు. ఎవరి పలక వాళ్ళే రాసుకోవాలి.

గుమాస్తా చెన్నకేశవులు ఆవగింజలంత అక్షరాలు రాస్తాడు. అతని పలకలో ఇరవై ఏడు సామాన్లున్నాయి. సూదీ దారం, ఊరగాయ జాడీ కూడా. ఆశీర్వాదం మూడో తరగతిలో బడి మానేసినవాడు. చిన్నగా రాస్తే ఒత్తులు అలుక్కుపోయి తన రాత తనకే తెలియదు. పలకకు నాలుగు వరుసలు, వరుసకు ఒక్క మాట. డాలు పోయిన నెలే చెరిపేశాడు. కత్తి మొన్న చెరిపేశాడు.

"మందు అని రాసుకుంటానన్నా. రొట్టె పక్కన ఇరుకుతాది."

"ఏం మందు? పురుగుల మందా, దగ్గు మందా? పేరు పూర్తిగా రాయాల. మృతసంజీవని."

"ఇంత పొడుగు పేరు పెట్టినోడు ఎప్పుడన్నా పలక మోసినాడా?"

చెన్నకేశవులు నవ్వాడు. "ఉత్తగ మందని రాస్తే ఈడ అందరికీ ఒకటే మందు గుర్తొస్తాది. నాకియ్యి ఆశీర్వాదం, నా సంచిలో బోలెడు చోటుంది."

"ఇస్తే మా ఏబేలును లేపుతావా అన్నా?"

"అది అప్పుడు చూద్దాం. రేపు రాక్షసి నన్నే కొట్టిందనుకో, నాకొద్దా?"

ఏబేలు ఆశీర్వాదానికి బామ్మర్ది. పక్కనే గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. వారం కిందట రాక్షసి చూపు తగిలి ఆటలో రాయైపోయాడు. అతని పలక నున్నగా తుడిచేశారు. అప్పటినుంచి కరెంటు పోయినప్పుడల్లా అందరూ ఆడుతుంటే వాడొక్కడు చూస్తూ కూర్చుంటున్నాడు. ఈ మందు అందకపోతే ఇక ఆటలోకి రానట్టే.

"ఉండనీలే బావా. రాళ్ళు కోసేటోడికి రాయి కావడం పెద్ద కష్టమేం గాదు" అన్నాడు ఏబేలు, ఎటో చూస్తూ.

"అట్ల మాట్లాడమాక. ఇంటికి పోతే మీ అక్క నన్ను రాయిని చేస్తాది."

ఏది చెరపాలా అని ఆశీర్వాదం పలకలో తాడు అన్న మాట మీద వేలు పెట్టాడు.

"తాడు లేకుంటే గుహలోంచి పైకెట్ల ఎక్కుతావు?" అన్నాడు బ్రహ్మం.

వేలు దివిటీ మీదికి జరిగింది.

"చీకట్లో నువ్వు రాక్షసిని చూసేలోపల అది నిన్ను చూస్తాది."

వేలు రొట్టె మీదికి వచ్చింది.

"రెండడుగులేసి ఆకలికి పడిపోతావు."

"ఏందన్నా, బతకనిచ్చేట్టు లేవే!"

"నేను పెట్టిన రూలు కాదబ్బా. మా పిల్ల చెప్పింది చెప్తాండా."

పొద్దుటినుంచి రాయి మోసిన భుజాలు లాగుతున్నాయి. ఆటలోనూ మోతేనా అనుకున్నాడు ఆశీర్వాదం. నిజం రాళ్ళే నయం. మోయమంటారు, అంతే. ఏది వదులుకుంటావని ఎవరూ అడగరు.

ఉన్నట్టుండి తలెత్తాడు.

"అన్నా, పైవరసలో నా పేరుంది. అది చెరిపితే తప్పా?"

బ్రహ్మం కాసేపు ఆలోచించాడు. "తప్పని ఆ పిల్ల చెప్పలేదు."

"మరింకేం? పేరు తింటామా, పేరు పట్టుకుని పైకెక్కుతామా?"

వేలికి ఉమ్మి అద్దుకుని పేరు మొత్తం తుడిచేశాడు. ఆ తడి ఆరకముందే వంకరటింకరగా మృతసంజీవని అని రాశాడు. చివరి అక్షరం చట్రానికి తగిలింది గానీ పట్టింది.

"మూడో తరగతి బుర్ర కాదబ్బా ఇది" అన్నాడు చెన్నకేశవులు, కొంచెం కుళ్ళుగానే.

"ఇప్పుడే పోస్తావా, దాచుకుంటావా?" అడిగాడు బ్రహ్మం.

"ఇప్పుడే. దాచుకుని నేనేం చేసుకుంటా?"

గవ్వలు విసిరాడు. నాలుగూ వెల్లకిలా పడ్డాయి.

"రాయి కదిలింది. చేతులొచ్చినాయి, కాళ్ళొచ్చినాయి. ఏబేలు లేచి కూర్చున్నాడు. మందు అయిపోయింది, చెరిపెయ్ ఆశీర్వాదం."

ఏబేలు నిజంగానే లేచాడు. లుంగీ దులుపుకుని వచ్చి బావను గట్టిగా కావలించుకున్నాడు. "నువ్వు మనిషివి కాదు బావా! మా అక్కకు చెప్తా." వారం రోజులుగా ఆనుకున్న గోడను వదిలి వాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు.

ఆశీర్వాదానికి కళ్ళు చెమర్చాయి. రాతిపొడి పడిందన్నట్టు తుడుచుకున్నాడు. మందు పేరు చెరిపేశాడు. తన పేరు తీరిగ్గా రాసుకుందాంలే అని పలకను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏబేలూ, నీ వంతు. నీ దగ్గర ఏమేమున్నాయి?" అన్నాడు బ్రహ్మం.

"రాయిలోంచి లేచినోడి దగ్గర ఏముంటాదన్నా? రొట్టె ముక్క గూడా లేదు."

ఏబేలు అందరి పలకలూ ఒకసారి చూశాడు. చూపు బావ ఒళ్ళో ఆగింది.

"బ్రహ్మన్నా, పేరు లేని సంచి ఎవరిది?"

బ్రహ్మం తల గీరుకున్నాడు. "ముందు పట్టుకున్నోడిది."

ఏబేలు బావ ఒళ్ళోంచి పలకను మర్యాదగా తీసుకుని, ఖాళీ పడిన పైవరుసలో తన పేరు రాసుకున్నాడు.