కపిలాక్షి బతికేదాకా కోత లేదు

“కపిలాక్షి బతికేదాకా మీ చేలో కాయ కొయ్యం,” అని వీరమ్మ గట్టు మీద కాళ్లు బారజాపుకుని కూర్చుంది. ఆవిడ వెనకే కూలి ముఠాలోని ఆడవాళ్లంతా గోనెసంచులు పరుచుకుని తీరిగ్గా వక్కపొడి నములుతున్నారు.

ఆ చేను చైతన్యకృష్ణది. చేలో మిరపకాయ ఎర్రగా పండి ఉంది. సత్తెనపల్లి వైపు ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. కోసి కళ్లానికి చేరిస్తే పట్టా కప్పుకోవచ్చు. చెట్టు మీదే తడిసిందంటే రంగు పోయి, ధర పలకని తాలుకాయ కింద జమ. ఏడాది కష్టమంతా బురదపాలే.

ఇంతకీ ఈ కపిలాక్షి నిజం మనిషి కాదు. చైతన్యకృష్ణ రాస్తున్న ‘నీలికొండ గాథలు’ అనే మాయలూ మంత్రాల నవలల్లో మూడొందలేళ్ల మంత్రగత్తె. నోరు తెరిస్తే తిట్లే. మొన్న వచ్చిన ఐదో భాగం చివర ఆవిణ్ణి అగ్నిగుండంలో దూకించేశాడు. హైదరాబాదులో ఎవరో విమర్శకుడు ‘తెగువ ఉన్న రచయిత’ అని మెచ్చుకుంటే, ఆ ముక్కని పదేపదే ఫోన్లో చూసుకుని మురిసిపోయాడు కూడా. ఆ తెగువ ఇలా మిరపచేలో అడ్డం తిరుగుతుందని కలగన్నాడా పాపం!

“వీరమ్మా, అది కథ! కథలో పోయిన మనిషి కోసం నా పంట ముంచుతావా?”

“కథో గిథో మాకు తెలవదు బాబూ. అన్నాలప్పుడు మా ముఠాలో పిల్ల జెస్సీ చదువుతుంటే ఆవిడ తిట్లకి పడీ పడీ నవ్వుకునేవాళ్లం. నడుం నొప్పి కూడా తెలిసేది కాదు. ఆ చవట యువరాజుని బతకనిచ్చి ఆవిణ్ణి చంపుతావా? చేతులెట్టా వచ్చినయ్యి నీకు?”

“మా ఆయనైతే ఆ రోజు అన్నం ముట్టలా,” అంది వెనకనుంచి ఒకామె.

“కూలి పెంచుతాను, లేవండి.”

“కూలి మాట ఎత్తామా మేం?” వీరమ్మకి కోపం ముంచుకొచ్చింది. “దాచేపల్లి ముఠాని పిలుచుకుంటావేమో, పిలుచుకో. వాళ్లూ చదివారు.”

చైతన్యకృష్ణ దిక్కులు చూశాడు. అప్పుడే వాళ్లమ్మ సుబ్బరావమ్మ మజ్జిగ బిందె పట్టుకుని వచ్చింది. కొడుకు రాతలంటే ఆవిడకి గిట్టదు. ‘ఆ దెయ్యాల కథలు నాకెందుకురా, రెండు ముక్కలు చదివితే తలనొప్పి’ అంటుంది. ఐదు భాగాలూ వంటింట్లో పచ్చడి జాడీ కింద ఎత్తు కోసం పెట్టుకుంది.

“అమ్మా, నువ్వన్నా చెప్పు వీళ్లకి!”

“నేనేం చెప్తాన్రా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వానొస్తంటే చేలో వాదులాటలా? ఆ ముసలిదెవరో, దాన్ని బతికించి పారెయ్. నీ సొమ్మేం పోయింది?” అంటూ సుబ్బరావమ్మ అందరికన్నా ముందు వీరమ్మకి మజ్జిగ పోసింది.

జెస్సీ కిసుక్కున నవ్వింది. “కపిలాక్షి కూడా అచ్చం ఇట్టాగే అంటదండీ, నీ తెలివి తెల్లారినట్టే ఉందని!”

సుబ్బరావమ్మ వినపడనట్టు బిందె సర్దుకుంది.

“బతికించడం కుదరదమ్మా! బూడిదైపోయింది!” అన్నాడు చైతన్యకృష్ణ.

“బూడిద ఎవరు చూశారు సార్?” జెస్సీ అన్నం సంచిలోంచి ఐదో భాగం తీసి, చివరి పేజీ తెరిచి అతని ముందు పెట్టింది. “దూకిందని రాశారు. మంట లేచిందని రాశారు. బూడిదని ఎక్కడుంది?”

“రెండో భాగంలో చచ్చిన చిలకని పసరు పోసి లేపింది ఆవిడే కదా,” అని వీరమ్మ అందుకుంది. “చిలక్కి పోసిన పసరు ఒక్క చుక్క తనకోసం దాచుకోదా? అంత తెలివితక్కువదా?”

చైతన్యకృష్ణ పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ పేజీ మళ్లీ చదివాడు. ఈ సంగతి తనకీ తట్టలేదు, ఆ విమర్శకుడికీ తట్టలేదు. దూరంగా ఉరిమింది.

“సరే, ఆరో భాగంలో బతికిస్తాను. లేవండి తల్లీ!”

“ఆరో భాగం ఎప్పటికో! కాయ కళ్లానికి చేరాక నీకు మేం గుర్తుంటామా? ఇప్పుడే రాయి. మేం వినాల.”

పౌరుషం చంపుకుని గట్టు మీదే చతికిలబడి ఫోన్లో రాశాడు. రాసింది పైకి చదివాడు.

“అగ్నిగుండం చల్లారసాగింది. అడుగునుంచి దగ్గుతూ ఒక గొంతు వినిపించింది. ఒరేయ్ చవటా, చూస్తావేంట్రా, పైకి లాగు! కొంగు కాలుతోంది!”

ఈలలతో చేను దద్దరిల్లింది. వీరమ్మ కళ్లు తుడుచుకుంది. మరుక్షణం అందరూ కొంగులు బిగించి సాళ్లలోకి దిగారు. అంత జోరుగా కోసిన ముఠాని ఆ చేను ఏనాడూ చూసి ఉండదు. ఆఖరి సంచి కళ్లానికి చేరి, పట్టా అంచుల మీద రాళ్లు పెడుతుండగా చినుకులు మొదలయ్యాయి.

ఆ సాయంత్రం అన్నానికి కూర్చున్న చైతన్యకృష్ణకి ప్రాణం హాయిగా ఉంది. బయట వాన దంచి కొడుతోంది. సుబ్బరావమ్మ వేడన్నంలో నెయ్యి వేసింది.

“పంట దక్కిందమ్మా! ఆ విమర్శకుడు ఏమన్నా అనుకోనీ. తెరిపివ్వగానే మెట్టచేలో కాయ కూడా కోయించేస్తే ఇక దిగులు లేదు.”

“అదంతా బాగానే ఉంది గానీ,” జాడీలోంచి పచ్చడి తీసి వడ్డిస్తూ అంది సుబ్బరావమ్మ, “మూడో భాగంలో ఏట్లో పడిపోయిన కపిలాక్షి వెండికర్ర సంగతేంట్రా? అది ఆవిడ చేతికి రాకపోతే, వీరమ్మని మళ్లీ గట్టు మీదే కూర్చోమంటాను.”