డ్రైవర్ దొరకలేదు

"మళ్ళ గదే అక్కా! డ్రైవర్ దొరకలేదంటున్నది," అని ముజమ్మిల్ మెల్లగా గొణిగాడు.

రేఖకు ఒళ్ళు మండింది. గంటన్నరలో ఆ మాట వినడం ఇది ఐదోసారి. శంషాబాద్ బస్టాండ్ వెనక సందులో చెవి మిషన్ల దుకాణం అతనిది. పాత కంప్యూటర్ పోయిందని పోయిన వారమే కొత్త లాప్‌టాప్ కొన్నాడట. దానికి గుచ్చిన, చెవి మిషన్‌ను వైరు లేకుండానే చదివే తెల్లటి యూఎస్‌బీ డబ్బా మీద లైటు మాత్రం మిణుకుమిణుకుమంటోంది.

"లైటు వెలుగుతున్నది గద అన్నా?"

"వెలిగితే ఏం ఫాయిదా? ఈ డబ్బా చెప్పేది కంప్యూటర్‌కు సమజ్ కావాలంటే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉండాలె. గప్పుడే అమ్మ చెవుల ఉన్న మిషన్‌ల ఏం ఖరాబైందో కనబడ్తది. చేత్తోని మూస్తే కుయ్‌మంటున్నది, పానమైతే ఉన్నది."

వెనక బెంచీ మీద ఏడాది మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చంద్రమ్మ కోడలి కొంగు లాగింది. "డ్రైవర్ లేకుంటే ఇంకోనాడు వద్దాం పా బిడ్డా. ఆయనకేం తిప్పలొచ్చెనో ఏమో."

ముజమ్మిల్ ఫక్కున నవ్వాడు. ఇంటికొక క్యాబ్ నడిచే ఊళ్ళో ఆమెకు తెలిసిన డ్రైవర్లు స్టీరింగ్ పట్టేవాళ్ళే మరి. రేఖకు మాత్రం నవ్వు రాలేదు.

"గా డ్రైవర్ కాదత్తమ్మా!" అని చెవి దగ్గర అరిచింది.

"ఆఁ? ఏమంటున్నవ్?" అంది చంద్రమ్మ.

రేఖ తల పట్టుకుంది. సోమవారం నుంచి ఆమెకు విమానాశ్రయం కార్గో ఆఫీసులో ఉద్యోగం. పెళ్ళయిన నాలుగేళ్ళకు చేతికందిన మొదటి ఉద్యోగం. పిల్లను చూసుకోవడానికి ఇంట్లో అత్త ఒక్కతే దిక్కు. ఆ అత్త మిషన్ నాలుగు నెలల కింద మూగబోయింది. పక్క గదిలో పిల్ల గుక్కపట్టి ఏడ్చినా వినబడని మనిషికి పిల్లనెలా అప్పగించడం? మిషన్ బాగైతేనే డ్యూటీ, లేకుంటే లేదని భర్త మధు తేల్చి చెప్పేశాడు.

"కండ్లల్ల పెట్టుకొని చూసుకుంట, నాకు మిషనెందుకు?" అని చంద్రమ్మ ఒకటే పాట. కండ్లకు ఏడుపు వినబడుతుందా అని అరిచి అరిచి రేఖ గొంతు బొంగురుపోయింది. పైగా ఆ చెడిపోయిన మిషన్‌ను పొద్దున్నే చెవికి తగిలించుకోవడం, రాత్రి చార్జింగ్ డబ్బాలో పెట్టడం ఆమె ఒక్కరోజూ మానలేదు. ఎందుకంటే చెవి బోసిగా ఉంటుందట!

అయితే ఉన్న మాట చెప్పుకోవాలి. ఈ నాలుగు నెలలూ రేఖ ప్రాణం హాయిగానే ఉంది. అంతకుముందు అత్త ముందు ఆమె నోరు విప్పింది లేదు. మిషన్ పోయాక మాత్రం అత్త పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తల్లికి ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కేది. అత్త పచ్చిపులుసు నోట పెట్టలేమని, ఆమె గొంతు కొత్వాల్‌గూడ ఊరంతా వినబడుతుందని, ఉద్యోగానికి పోవాలని ప్రాణం కొట్టుకుంటున్నా ఈ ఇంట్లో అడిగే ధైర్యం లేదని. ఆ చివరి మాట అన్న మర్నాడే, అదృష్టం కాకపోతే ఏమిటి, అన్నం తింటూ చంద్రమ్మే కొడుకును నిలదీసింది. "సదువుకున్న పిల్లను ఇంట్ల కూసోబెట్టినవేందిరా? ఏర్‌పోర్టు కాడ నౌకరి చూడు!" రేఖ లోపలికి పోయి దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

ఇప్పుడు ఆ ఉద్యోగం ఈ డబ్బా దగ్గర ఆగింది.

"జరగన్నా, నేను చూస్త," అంటూ లేచి లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. డబ్బా పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు కనబడింది. ముజమ్మిల్ ఎక్కించింది వేరే డబ్బా డ్రైవర్! దాన్ని తీసేసి, వైరు పీకి, డబ్బా కింద ఉన్న నంబరు చదివి, కంపెనీ సైటులో సరైనది వెతికింది. అది దించుకోవడం సగంలో ఉండగా నెట్టు పోయింది. నెట్టు వచ్చాక కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ మొదలుపెట్టి, ముప్పై ఏడు శాతం దగ్గర కదలనని కూర్చుంది.

"దీని మొఖం మండ!" అంది రేఖ.

"నడుము గుంజుతున్నది బిడ్డా, పోదాం పా," అని చంద్రమ్మ లేచి నిలబడింది.

"చూసినవా అన్నా? మిషన్ బాగైతే ఈమె సొమ్మేం పోతదో!" అని రేఖ విసుక్కుంది. చంద్రమ్మ మళ్ళీ కూర్చుంది.

అప్‌డేట్ ముగిసింది. రేఖ డ్రైవర్ ఎక్కించి వైరు గుచ్చింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది.

"వచ్చె! దొరికింది!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. సోమవారం వేసుకోవలసిన చీర కూడా ఆ క్షణమే కళ్ళ ముందు మెదిలింది.

ముజమ్మిల్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే చూశాడు. "మైకు మంచిగనే ఉన్నది. స్పీకర్ మంచిగనే ఉన్నది. సెట్టింగులు ఎక్కడియక్కడనే ఉన్నయ్."

"మరి రోగమేంది?"

"ఆగు, మిషన్‌ను ఎట్ల వాడిన్రో గది కూడ దీంట్ల రాసుకుంటది." ఇంకో పేజీ తెరిచాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. రేఖను చూసి, బెంచీ వైపు చూశాడు. చంద్రమ్మ తల వంచుకుని మనవరాలి గౌను గుండీలు సర్దుతోంది.

"జల్ది చెప్పన్నా, పరేషాన్ చేస్తవేంది?"

ముజమ్మిల్ గొంతు తగ్గించాడు.

"మిషన్ ఖరాబే కాలేదు. ఈ నాలుగు నెలలు అమ్మ రోజూ సౌండు పెంచుకుంటనే ఉన్నది అక్కా."