రోత పాఠం

"ఛీ! ఆ చేతుల్తో నా ఫైలు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

భార్య ఉలిక్కిపడి ఫైలు బల్ల మీద పెట్టేసింది. లోపలిగదిలో అత్తగారి బెడ్‌పాన్ తీసి, కడిగి, చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని అప్పుడే వచ్చింది. ఆ సబ్బు వాసన వెనకాల కూడా అతనికి ఇంకేదో కంపు కొట్టింది. ముక్కు మూసుకున్నాడు.

"కడుక్కునే వచ్చానండీ."

"కడిగితే పోతుందా అది? ఒళ్లంటేనే ఒక తోలు సంచి. లోపలంతా చీము, నెత్తురు, చీమిడి, కఫం. ముప్ఫై రెండు రకాల రోత. పుస్తకంలో స్పష్టంగా రాశారు."

విదేశంలో ఒక బౌద్ధ ఆరామానికి వెళ్లి ఏడాదిపాటు చదువుకుంటానని, వీసా కోసం కాచుక్కూర్చున్న ఆ పెద్దమనిషి, ఆరామం వాళ్లు చదవమన్న పుస్తకంలో చదివింది ఆ ఒక్క అధ్యాయమే. మిగతావి ఎలా ఉన్నా ఇది మాత్రం బాగా ఒంటబట్టింది. భార్య జడలో, తల్లి దగ్గులో, పక్కింటివాళ్ల చెత్తబుట్టలో, ఎక్కడ చూసినా రోతే కనిపించేది. తన ఒంట్లోనూ ఆ ముప్ఫై రెండూ ఉంటాయేమోనన్న అనుమానం మాత్రం ఎన్నడూ రాలేదు. సంసారం మీద విరక్తి పుట్టింది కానీ జుట్టుకి రంగు వేసుకోవడం మానలేదు. తల్లి తుంటి విరిగి మంచాన పడ్డాకే ఈయనగారికి వైరాగ్యం ముదిరిందంటే, వినేవాళ్లకి కడుపులో తిప్పదూ?

లోపల్నుంచి తల్లి దగ్గింది. "ఒరే నాన్నా, ఒకసారొచ్చి ఈ దిండు సర్దరా."

"ధ్యానంలో ఉన్నానమ్మా!" అని కేకేశాడు, కాలి గోళ్లు కత్తిరించుకుంటూనే.

భార్య వెళ్లి దిండు సర్దింది. తిరిగొచ్చి, నేల మీద రాలిన గోళ్ల ముక్కలు ఊడ్చింది.

"ఇంతకీ ఆ వీసా ఇవాళైనా వచ్చి చస్తుందా? పదిరోజుల్లో చదువు మొదలు. రాకపోతే ఈ కంపులోనే ఇంకో ఏడాది పడుండాలి. ఇంటర్వ్యూలో నువ్వేం తగలేసి వచ్చావో ఏమో!"

"అడిగినవాటికి నాకు తెలిసింది చెప్పానండీ."

వీసా ఆఫీసుకి వెళ్లింది ఆమే. అప్లికేషన్ నింపిందీ, జిరాక్సులు తీయించిందీ, ఆరామం వాళ్లు అడిగిన వ్యాసం రాసిందీ, అందుకోసం ఆ లావుపాటి పుస్తకం ఆఖరి పేజీ దాకా చదివిందీ ఆమే. ఆమె వేలు పెట్టి చూపించిన చోటల్లా అతను సంతకం గీకాడు. ఇంటర్వ్యూ రోజు పొద్దున "అప్లికేషన్‌లో పేరున్న మనిషి స్వయంగా వెళ్లాలటండీ" అని రెండుసార్లు చెప్పింది కూడా. ఆ క్యూలో వందమంది చెమట తలుచుకునేసరికి అతనికి డోకొచ్చింది.

"నేను అనేదే ఒక భ్రమ. ఇంక స్వయంగా ఏమిటి, నీ మొహం! నువ్వే వెళ్లి చెప్పేదేదో చెప్పిరా" అన్నాడు. బ్యాంకు పనైనా, కరెంటు ఆఫీసు పనైనా ఆ ఇంట్లో అంతే. తిరిగేది ఆమె, అయ్యేది అతని పేరున.

కాలింగ్ బెల్ మోగింది. కొరియర్.

"పాస్‌పోర్టు వచ్చింది సార్. ఇక్కడ సంతకం కావాలి."

పెన్ను చివర ఎవరో నమిలి నమిలి పిప్పి చేశారు. అతను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఛీ ఛీ! నువ్వు పెట్టు."

ఆమె పెట్టింది. కొరియర్ మనిషి కవరునీ ఆమె మొహాన్నీ ఒకసారి చూసి, వెళ్లిపోయాడు.

"ఎన్ని చేతులు మారిందో ఆ కవరు! నువ్వే విప్పి చదువు."

ఆమె కవరు చింపి, పాస్‌పోర్టు తెరిచి చూసింది. "ఇచ్చారండీ. ఏడాదికి. ఆరామంలో చదువుకోడానికి."

అతను గోళ్ల కత్తెర విసిరేసి లేచాడు. "అమ్మా! వీసా వచ్చేసింది! ఈ రొంపి వదిలిపోయింది!"



"మరి అత్తయ్యని ఎవరు చూసుకుంటారండీ?" అని అడిగింది భార్య.

"ఇంట్లో ఉండేవాళ్లు చూసుకుంటారు. అదీ నన్నే అడగాలా?"

"వెళ్లేవాళ్లకి ఆ దిగులు అక్కర్లేదంటారా?"

"ముమ్మాటికీ అక్కర్లేదు. ధర్మం కోసం బయల్దేరినవాళ్లని వెనక్కి లాగడం మహాపాపం. ఇలా తే!"

ఆమె పాస్‌పోర్టుని శుభ్రమైన గుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. అతను రెండు వేళ్లతో పట్టుకుని తెరిచాడు. మొదటి పేజీ ఫోటోలో భార్య ఉంది. గబగబా తిప్పి వీసా ఉన్న పేజీ చూశాడు. అక్కడా ఆమే.

"ఇదేంటే? నీ ఫోటో ఉందేంటి?"

"వ్యాసం మీ పేరునే పంపానండీ. అబద్ధమెందుకని, రాసింది నేనని కింద ఒక ముక్క పెట్టాను. అయితే రాసినవాళ్లే రమ్మని జవాబొచ్చింది. ఆ ఉత్తరం మీకివ్వబోతే, ఆ చేతుల్తో నా మొహాన పెట్టకు, ఎక్కడో పడెయ్యి అన్నారు. దాంతో వీసాకి నా పేరునే పెట్టాను. నేను వెళ్లడానికి అభ్యంతరం లేదని మీరు చేసిన సంతకం ఆ ఫైల్లోనే ఉంది."

అతను నోరు తెరిచేలోగా లోపలిగదిలోంచి తల్లి గొంతు ఖంగుమంది.

"అమ్మాయ్! నువ్వు వెళ్లేలోగా ఆ బెడ్‌పాన్ ఎలా పెట్టాలో, ఎలా కడగాలో వాడికి ఒకసారి చూపించమ్మా!"